చందవరం రాయి, కాన్‌బెర్రా చదువు

కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీకి వెళ్ళిన మన కుటుంబాలలో కొందరికి ఆ రాయి జ్ఞాపకం ఉండవచ్చు. బుద్ధుని ఆరాధిస్తున్న భక్తులు చెక్కివున్న సున్నపురాతి ఫలకం అది. మన ప్రకాశం జిల్లా చందవరం స్తూపానిది. గ్యాలరీవారు దానిని 2005లో న్యూయార్కు వర్తకురాలి వద్ద కొన్నారు. అది చందవరం నుంచి దొంగిలించబడినదని ఆ తరువాత తేలింది. 2016లో దానిని భారత ప్రభుత్వానికి అప్పగించారు. ఆ రాయి మన ఊరిదేనని తేల్చడానికి అక్కరకు వచ్చినవి అది చందవరంలో ఉండగా తీసిన పాత ఫోటోలే. ఫోటో తీసి, నంబరు వేసి, పుస్తకంలో రాసిపెట్టడం గుమాస్తా పని అనుకుంటాము గాని, వస్తు సంరక్షణలో మొదటి పాఠం అదే.

రెండవ పాఠం మన అమరావతి నేర్పింది, చాలా ఖరీదుకు. 1797లో కర్నల్ మెకంజీ వచ్చేనాటికే స్తూపపు రాళ్ళు ఇళ్ళకూ గుళ్ళకూ తరలిపోతున్నాయి. మిగిలిన వాటిలో కొన్ని లండను చేరగా, కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉండిపోయాయి. మద్రాసులో వాటిని పదిలంగా ఉంచాలనే ఉద్దేశంతోనే సిమెంటుతో గోడలకు అతికించారు. సిమెంటులోని లవణాలు తేమతో కలిసి రాతిలోకి దిగి, తడి ఆరినప్పుడల్లా స్ఫటికాలై, చెక్కడాన్ని లోపలినుంచి పొరలు పొరలుగా రాల్చాయి. దొంగ ఎత్తుకుపోయిన రాయి తిరిగి రావచ్చు. రాలిన ముక్కు తిరిగి రాదు గదా! అదే మద్రాసు మ్యూజియంలో 1930లో రసాయన ప్రయోగశాల పెట్టారు. ఈ విషయంలో మనవారు వెనుకబడలేదని చెప్పుకోవడం మాకు కొంచెం గర్వమే.

ఇక ఆస్ట్రేలియా సంగతి. కెప్టెన్ కుక్ ఓడ 1770లో పగడపు దిబ్బకు తగులుకున్నప్పుడు బరువు తగ్గించడానికి ఆరు ఫిరంగులను సముద్రంలోకి నెట్టారు. 1969లో అవి దొరికాయి. రెండు వందల ఏండ్లు ఉప్పునీటిలో నానిన ఇనుము గాలి తగిలితే పెచ్చులూడి పొడి అయిపోతుంది. మెల్‌బోర్న్ రక్షణశాఖ ప్రయోగశాలలో కోలిన్ పియర్సన్ అనే శాస్త్రజ్ఞుడు వాటి మీది పగడపు గుల్లను ఒలిపించి, క్షారద్రావణంలో విద్యుత్తు పంపి ఉప్పును లాగివేసి, చివరకు మైనం పట్టించాడు. తరువాత ఆయన పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియంలో 1629లో మునిగిన బటావియా ఓడ కలప మీద పనిచేశాడు.

1975లో పిగట్ సంఘం దేశంలోని మ్యూజియంలను పరిశీలించి, వస్తువులు పాడైపోతున్నవనీ, శిక్షణ పొందినవారు లేరనీ గట్టిగానే చెప్పింది. ఫలితంగా 1978లో కాన్‌బెర్రా కాలేజ్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ ఎడ్యుకేషన్‌లో పియర్సన్ ఆధ్వర్యంలో కోర్సు మొదలైంది. ఆ కళాశాల 1990లో విశ్వవిద్యాలయమైంది. తరువాత కోర్సు మూతపడి, ఆ చదువు మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చేరింది. ఇంత కష్టపడి పెట్టిన చదువును ఎందుకు వదులుకున్నారా అని మాకు చింతే.

ఈ చదువులో చేతి భద్రత కూడా ఉంది. పాత కాలంలో పురుగు పట్టకుండా పక్షుల, జంతువుల చర్మాలకు ఆర్సెనిక్ పూసేవారు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకుంటే వస్తువు బాగుంటుంది, మనిషే పాడవుతాడు. నైట్రేట్ ఫిల్ము మరీ పెంకిది. అంటుకున్నదంటే నీళ్ళు పోసినా ఆరదు. అందుకే దానిని వేరుగా, చల్లగా దాస్తారు. మరొక నియమం: ఏ మరమ్మతు చేసినా, రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే విప్పివేయడానికి వీలుండాలి.

ఈ నియమం తెలియక మేము చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఊరినుంచి తెచ్చుకున్న తాతయ్యగారి పెళ్ళి ఫోటో మడతలో చిరిగితే సెల్లోటేపు అంటించాము. ఏళ్ళు గడిచేసరికి టేపు ఎండి ఊడిపోయింది. దాని జిగురు మాత్రం పచ్చని మరకై అమ్మమ్మగారి ముఖం మీద నిలిచిపోయింది.