పెట్టి చూస్తేనే తెలిసింది

1944–45 చలికాలం. రైల్వే కార్మికులు సమ్మెకు దిగారన్న కక్షతో జర్మన్ సైన్యం పశ్చిమ నెదర్లాండ్స్‌కు తిండిగింజలు రాకుండా అడ్డుకుంది. ఆ దేశంలో రొట్టే ప్రధాన ఆహారం. అది కరువైపోయి జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. దాదాపు 20 వేల మంది ప్రాణాలు పోయాయి. అలాంటి రోజుల్లో హేగ్ నగరంలోని పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికె ఒక వింత చూశాడు. ఊరంతా చిక్కిపోతుంటే, ఆయన చూస్తున్న కొందరు రోగిష్టి పిల్లలు మాత్రం తేరుకున్నారు.

వాళ్లకున్నది సీలియాక్ జబ్బు. పొట్ట ఉబ్బుతుంది, కాళ్లూ చేతులూ పుల్లల్లా అవుతాయి, విరేచనాలు ఆగవు. తిన్నది ఒంటబట్టదు. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే ఈ జబ్బును వర్ణించి, నయమైతే ఆహారంతోనే కావాలన్నాడు. ఏ ఆహారమో ఆయనకు అంతుపట్టలేదు. 1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపళ్లు పెట్టి పిల్లలను బాగుచేశాడు. రొట్టె మాన్పించాడు కూడా. కానీ అందరి కళ్లూ పళ్లెంలో ఉన్న అరటిపండు మీదే నిలిచాయి, లేని రొట్టెను ఎవరూ పట్టించుకోలేదు.

డికెకు గోధుమ మీద అనుమానం 1930లలోనే మొదలైంది. కరువు ఆ అనుమానాన్ని బలపరిచింది. రొట్టె మళ్లీ దొరకగానే పిల్లలకు జబ్బు తిరగబెట్టింది. అయినా యుద్ధకాలంలో మారింది రొట్టె ఒక్కటేనా? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఆయన వాన్ డె కామర్, వైయర్స్ అనే సహచరులతో కలిసి పరీక్షలకు దిగాడు. మలంలో ఎంత కొవ్వు పోతోందో కొలిచే పద్ధతిని వాన్ డె కామర్ రూపొందించాడు. గోధుమ మాన్పిస్తే కొవ్వు తగ్గింది, మళ్లీ పెడితే పెరిగింది. 1950లో డికె ఈ ఫలితాలనే ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. తర్వాత గోధుమలోని పిండిపదార్థాన్ని విడిగా పెట్టి చూశారు. హాని లేదు. చపాతీ పిండికి సాగే గుణమిచ్చే మాంసకృత్తు గ్లూటెన్ దగ్గర దొంగ దొరికాడు.

సీలియాక్ ఉన్నవారి ఒంట్లో గ్లూటెన్ పడితే, రోగనిరోధక శక్తి సొంత చిన్నపేగు మీదకే తిరగబడుతుంది. పోషకాలను పీల్చుకునే సన్నటి నూగు అరిగిపోతుంది. ప్రపంచంలో నూటికి సుమారు ఒకరిది ఈ పరిస్థితి. వారికి గ్లూటెన్ మానడమే మందు, అదీ జీవితాంతం.

మిగతావారికి? గ్లూటెన్ మానగానే కడుపు తేలికైందనేవారు చాలామంది. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో అలాంటి 37 మంది మీద డికె చేసిన పనే చేశారు. ముందుగా గోధుమ, ఉల్లి, వెల్లుల్లి వంటి వాటిలో ఉండి పేగులో పులిసే కొన్ని రకాల చక్కెరలను తగ్గించారు. ఉబ్బరం తగ్గింది. తర్వాత ఏది పెడుతున్నారో చెప్పకుండా గ్లూటెన్ పెట్టారు. పెట్టినప్పుడూ పెట్టనప్పుడూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గోధుమ పడని వారు కొందరు ఉండొచ్చు, కానీ ఎక్కువమందికి గ్లూటెన్ మానడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా 'గ్లూటెన్ ఫ్రీ' బిస్కెట్లలో తరచు పీచు తక్కువ, ధర ఎక్కువ. మన రాగిసంకటికీ జొన్నరొట్టెకూ ఆ ముద్రతో పనిలేదు, వాటిలో గ్లూటెన్ పుట్టుకతోనే లేదు. సీలియాక్ ఉన్నవారు మాత్రం సాంబారులో వేసే ఇంగువనూ అనుమానించాలి. చాలా డబ్బాల్లో దానికి గోధుమ పిండి కలుపుతారు.

కడుపు నిజంగానే ఇబ్బంది పెడుతుంటే గోధుమ మానేయకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. మానగానే బాగుంటే అంతటితో తేలిపోయిందనుకుంటాం. డికె అక్కడ ఆగలేదు, మళ్లీ పెట్టి, కొలిచి చూశాడు.