గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: లక్షణాలు కనిపించకముందే పరీక్ష ఎందుకు చేయించుకోవాలి?

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఒకప్పుడు సాక్చి అనే చిన్న గ్రామం. ఉక్కు కర్మాగారంతో పట్టణంగా ఎదిగిన ఈ ఊరికి 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. సాక్చి పేరు మాత్రం నగరంలోని ప్రధాన వ్యాపార కేంద్రానికి నిలిచిపోయింది. కర్మాగారంలో ఉపాధి కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా తరతరాలుగా ఈ నగరంలో స్థిరపడ్డాయి.

వైద్య సదుపాయాల విషయంలో ఈ నగరం వెనుకబడినది కాదు. సాక్చిలో ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి దశాబ్దాలపాటు సేవలందించింది. క్యాన్సర్ చికిత్స కోసం మెహర్‌బాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 1975 నుంచి పనిచేస్తోంది. అయినప్పటికీ, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఝార్ఖండ్‌లో 30-49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు ఒక శాతం కన్నా తక్కువే. దేశ సగటు 1.9 శాతం.

ఈ పరిస్థితికి దూరాభారం, ఖర్చు, బిడియం కొంతవరకు కారణం. పరీక్ష అనేది జబ్బు చేసినవారికే అవసరమన్న భావన మరో ముఖ్య కారణం. నిజానికి ఈ పరీక్ష ఆరోగ్యంగా ఉన్న మహిళల కోసం ఉద్దేశించినది.

వ్యాధి ఎలా వస్తుంది?

దాదాపు ఈ క్యాన్సర్లన్నింటికీ మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఇందులో 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. ఈ సంబంధాన్ని వెలికితీసిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ వైరస్ ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. దాంపత్య జీవితంలో ఉన్నవారిలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది కనుక, దీనిని ఒకరి నడవడికకు ముడిపెట్టడం సరికాదు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దీనిని తొలగించుకుంటుంది. కొందరిలో మాత్రం వైరస్ తిష్ఠవేసి కణాలలో మార్పులు తెస్తుంది. ఆ మార్పులు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ ఉండి చికిత్స పొందని మహిళల్లో ఈ వ్యవధి తగ్గుతుంది. పొగాకు వాడకం ముప్పును పెంచుతుంది.

ఈ సుదీర్ఘ వ్యవధే నివారణకు దొరికే అవకాశం. అయితే ఆ కాలమంతా నొప్పి గానీ, రక్తస్రావం గానీ ఉండకపోవచ్చు. లక్షణం కోసం ఎదురుచూస్తే ఆ అవకాశం చేజారిపోతుంది.

ఏ పరీక్షలు ఉన్నాయి?

పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని గర్భాశయ ముఖద్వారానికి పూసి, తెల్లబడిన భాగాలను కంటితో గుర్తించడం మొదటి పద్ధతి. దీనిని వీఐఏ అంటారు. కణాలను సేకరించి సూక్ష్మదర్శిని కింద చూసేది పాప్ స్మియర్. వైరస్ ఉనికిని నేరుగా గుర్తించేది హెచ్‌పీవీ పరీక్ష.

వీఐఏ పద్ధతి విలువను ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి నిరూపించింది. అక్కడి మురికివాడల్లో సుమారు లక్షన్నర మంది మహిళలతో సాగించిన అధ్యయనంలో, వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది ఈ పరీక్ష చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి.

30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. పిల్లలు పుట్టడం పూర్తయినా, ముట్లుడిగినా పరీక్ష అవసరం పోదు. పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్లు కాదు. తొలి దశ మార్పులను గడ్డకట్టించి గానీ, వేడితో గానీ తొలగించవచ్చు.

టీకా ఎవరికి?

వైరస్ సోకకముందే ఇస్తే టీకా అత్యంత ప్రభావవంతంగా పనిచేస్తుంది. అందుకే 9-14 ఏళ్ల బాలికలకు ప్రాధాన్యమిస్తారు. ఈ వయసువారికి ఒకటి లేదా రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. సీరం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన దేశీయ టీకా సెర్వావాక్‌కు అదే ఏడాది అనుమతి లభించింది. టీకా అన్ని రకాల వైరస్‌ల నుంచి రక్షించదు. కనుక టీకా వేయించుకున్నవారు సైతం తగిన వయసులో పరీక్ష చేయించుకోవాలి.

ఈ టీకా విషయంలో తెలుగు ప్రాంతానికి ఒక చేదు అనుభవం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు ప్రయోగాత్మకంగా టీకా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు. అయితే చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వసతిగృహ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాలపై సంతకాలు చేసినట్లు వెల్లడైంది. టీకా ఎందుకు వేస్తున్నారో తల్లికీ బిడ్డకూ అర్థమయ్యే భాషలో చెప్పడం టీకా వేయడమంత ముఖ్యమని ఆ ఉదంతం గుర్తుచేస్తుంది.

వైద్యులను ఎప్పుడు సంప్రదించాలి?

నెలసరుల మధ్య, కలయిక తర్వాత లేదా ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం కావడం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, తగ్గని పొత్తికడుపు నొప్పి కనిపిస్తే తదుపరి పరీక్ష గడువు కోసం ఆగకుండా వైద్యులను కలవాలి. ఇవి ఇతర కారణాల వల్ల కూడా రావచ్చు. ఆ నిర్ధారణ వైద్యులే చేయాలి.

2022 అంచనాల ప్రకారం భారత్‌లో ఏటా సుమారు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ సోకుతుండగా, దాదాపు 80,000 మంది మరణిస్తున్నారు. 2030 నాటికి 90 శాతం బాలికలకు టీకా, 70 శాతం మహిళలకు పరీక్ష, వ్యాధి గుర్తించినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. మహిళలు తమ వంతుగా చేయవలసిన మొదటి పని ఒకటే. ముప్పై ఏళ్లు నిండినవారు ఏ బాధా లేకపోయినా సమీప ఆరోగ్య కేంద్రంలోని ఏఎన్ఎంను గానీ, ఆశా కార్యకర్తను గానీ కలిసి, పరీక్ష ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకోవాలి.