సూపర్ స్మాష్ బ్రదర్స్ – పాత్రల ఎంపిక

సూపర్ స్మాష్ బ్రదర్స్ జపానుకు చెందిన నింటెండో సంస్థ వారి వీడియో గేముల వరుస. వేర్వేరు ఆటలలోని పాత్రలు ఒకే వేదికపై తలపడటం దీని ప్రత్యేకత. వ్యాస భారతంలో లేని కృష్ణార్జునుల యుద్ధాన్ని గయోపాఖ్యానం కల్పించినట్లే, మూలంలో జరగని పోరు ఇందులో జరుగుతుంది. ఎవరికి చోటు దక్కాలన్నది అభిమానుల మధ్య ఎడతెగని చర్చ.

చరిత్ర

1999లో వెలువడిన మొదటి ఆటలో 12 పాత్రలున్నాయి. అన్నీ నింటెండో ఆటలలోనివే. దీని దర్శకుడు మసాహిరో సకురాయ్. 2008లో వచ్చిన 'బ్రాల్'లో సెగా వారి సోనిక్, కొనామి వారి స్నేక్ చేరడంతో ఇతర సంస్థల పాత్రలకు ప్రవేశం లభించింది. చర్చ పరిధి కూడా పెరిగింది.

అభిమానుల ఓటు

2015 ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు నింటెండో అభిమానుల ఓట్లను స్వీకరించింది. ఆ డిసెంబరులో బయోనెటా ఎంపికను ప్రకటించింది. చేర్చడానికి వీలున్న పాత్రలలో ఆమెకే ఎక్కువ ఓట్లు వచ్చాయని తెలిపింది. అసలు ప్రథమ స్థానం 'కింగ్‌డమ్ హార్ట్స్' నాయకుడు సోరాదని సకురాయ్ 2021లో వెల్లడించాడు. ఓట్ల పూర్తి లెక్కలు మాత్రం ప్రచురించలేదు.

ఎంపికకు అడ్డంకులు

ఓటు కోరికను తెలుపుతుందే గాని, ఎంపికను నిర్ణయించదు. ఇతర సంస్థల పాత్రకు హక్కుదారుల అనుమతి తప్పనిసరి. సోరా విషయంలో డిస్నీ, స్క్వేర్ ఎనిక్స్ సంస్థల సమ్మతి అవసరమైంది. 'మెట్రాయిడ్' ఆటలోని రిడ్లీకి భారీ శరీరమే అడ్డంకిగా నిలిచింది. 2018 నాటి 'అల్టిమేట్'లో రిడ్లీకి, 2021 అక్టోబరు 18న సోరాకు అవకాశం లభించింది. సోరాతో 'అల్టిమేట్' పాత్రల సంఖ్య 89కి చేరి, చేర్పులు ముగిశాయి. అభిమానులు ఎంతగా కోరినా వాలూయీజీ అందులో సహాయక పాత్రగానే మిగిలాడు.