సూత్రకర్తకు చిక్కని అమోనియా

విద్యార్థులారా! సమతాస్థితిలో ఉన్న చర్యకు ఉష్ణోగ్రతనో, పీడనాన్నో, గాఢతనో మార్చితే ఆ మార్పు ప్రభావాన్ని తగ్గించే దిశగా సమతాస్థితి జరుగుతుంది. లీ చాటలియర్ సూత్రంగా దీన్ని మీరు చదివే ఉంటారు. పరీక్షలో దీనికి ఉదాహరణగా అమోనియా తయారీని రాస్తారు. అయితే ఆ అమోనియా సూత్రకర్త చేతిలోంచే జారిపోయిందని మీలో ఎందరికి తెలుసు?

హెన్రీ లీ చాటలియర్ ఫ్రాన్సు దేశపు గనుల ఇంజనీరు. ఈ సూత్రాన్ని ఆయన 1884లో ప్రకటించారు. ఒక ఘనపరిమాణం నైట్రోజన్, మూడు ఘనపరిమాణాల హైడ్రోజన్ కలిస్తే రెండు ఘనపరిమాణాల అమోనియా వస్తుంది. నాలుగు రెండవుతున్నాయి కనుక పీడనం పెంచితే చర్య అమోనియా వైపు సాగాలి. ఈ లెక్కతోనే 1901లో ఆయన అధిక పీడనం వద్ద ప్రయోగం చేశారు. వాయువుల్లో గాలి కలిసి ఉండటంతో పరికరం పేలిపోయింది. సహాయకుడు తృటిలో ప్రాణాపాయం తప్పించుకున్నాడు. లీ చాటలియర్ ఆ పని అంతటితో మానేశారు. తన శాస్త్ర జీవితంలో అతి పెద్ద పొరపాటు అదేనని తరవాత ఆయనే ఒప్పుకున్నారు.

జర్మనీలోని కార్ల్స్‌రూలో ఫ్రిట్జ్ హేబర్ 1904లో ఈ సమస్య చేపట్టారు. మొదట సాధారణ పీడనం వద్ద, దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్‌లో, ఇనుమును ఉత్ప్రేరకంగా వాడారు. పదివేల భాగాల వాయువులో అమోనియా ఒక భాగం అటూ ఇటూగా వచ్చింది. ఆ అంకె కూడా ఎక్కువేనని వాల్టర్ నెర్న్‌స్ట్ 1907లో హాంబర్గ్ సభలో అందరి ముందు విమర్శించారు. నెర్న్‌స్ట్ అన్నది నిజమే. కానీ ఆ మాట హేబర్‌కు గుచ్చుకుంది. రాబర్ట్ లె రోసిన్యోల్ అనే నేర్పరి సహచరుడితో కలిసి ఆయన అధిక పీడనాల వైపు మళ్లారు.

ఇక్కడ అసలు చిక్కు ఉంది, జాగ్రత్తగా గమనించండి. అమోనియా ఏర్పడే చర్య ఉష్ణమోచకం. కనుక సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత తగ్గించాలి. 200 అట్మాస్ఫియర్ల పీడనం వద్ద సమతాస్థితిలో అమోనియా 600 డిగ్రీలలో సుమారు 8 శాతం ఉంటే, 400 డిగ్రీలలో అది 35 శాతం దాటుతుంది. మరి 400 కంటే కూడా తగ్గిస్తే? చర్యావేగం పడిపోతుంది, సమతాస్థితికి చేరడానికే ఎంతో కాలం పడుతుంది. సూత్రం దిశను చెబుతుంది గాని వేగాన్ని చెప్పదు. వేగానికి ఉత్ప్రేరకం కావాలి. ఉత్ప్రేరకం సమతాస్థితిని కుడివైపు జరుపుతుందని కొందరు జవాబుల్లో రాస్తుంటారు. అది తప్పు. పురోగామి, తిరోగామి చర్యలు రెండింటినీ అది త్వరపరుస్తుంది, అంతే.

హేబర్‌కు ఆస్మియం దొరికింది. 200 అట్మాస్ఫియర్ల దరిదాపు పీడనం, 500 దాటిన ఉష్ణోగ్రతలతో ఆయన రాజీపడ్డారు. ఒక్క విడతలో కొద్ది శాతమే మారినా ఫరవాలేదు. అమోనియాను చల్లబరచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను మళ్లీ అదే గదిలోకి పంపారు. క్రియాజన్యాన్ని తొలగిస్తూ ఉంటే చర్య ముందుకే సాగుతుంది కదా! నా దృష్టిలో హేబర్ తెలివంతా ఈ ప్రసరణలోనే ఉంది.

1909 జులై 2న బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ నుంచి కార్ల్ బాష్, ఆల్విన్ మిటాష్ ప్రయోగం చూడటానికి వచ్చారు. పరికరంలో ఒక బోల్టు విఫలమైంది. బాగు చేసేసరికి బాష్ వెళ్లిపోయారు. ఆగి ఉన్న మిటాష్ కళ్లముందే ద్రవ అమోనియా చుక్కలుగా రాలింది.

ఆస్మియం అరుదైన లోహం. అందువల్ల మిటాష్ వేల ప్రయోగాలు చేసి, ఇనుములో అల్యూమినా, పొటాష్ స్వల్పంగా కలిపిన ఉత్ప్రేరకాన్ని రూపొందించారు. మరోవైపు వేడి హైడ్రోజన్ ఉక్కులోని కార్బన్‌తో కలిసి గొట్టాలను పెళుసుబారుస్తుంటే, బాష్ లోపల మెత్తటి ఇనుప గొట్టం అమర్చారు. 1913 సెప్టెంబరులో ఓపావు కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. మరుసటి ఏడాదే ప్రపంచ యుద్ధం. పొలాలకు ఎరువు కావలసిన అమోనియా నైట్రిక్ ఆమ్లంగా మారి, జర్మనీ పేలుడు పదార్థాలకూ ముడిసరుకైంది.

2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఎరువుల కర్మాగారంలో కూడా యూరియాకు ముందు అమోనియాయే తయారవుతుంది. అక్కడ కూడా ఒక్క విడతలో మారేది కొంత భాగమే. మిగిలిన వాయువులు మళ్లీ చర్యాగదికే తిరిగి వెళతాయి.