టర్నర్ చూచిన వెనిస్

1797వ సంవత్సరము మే నెల 12వ తేదీన వెనిస్ గణరాజ్యము తన్ను తానే రద్దు చేసికొన్నది. నెపోలియన్ సేనలు కయ్య ఒడ్డున నిలిచియుండగా మహాసభ ఆ తీర్మానమును అంగీకరించినది. వేయేండ్లకు పైగా మనిన ఆ రాజ్యము తరువాత ఆస్ట్రియా చేతికి, ఫ్రెంచివారి చేతికి, మరల ఆస్ట్రియా చేతికి మారినది. వర్తకము ట్రియెస్టు రేవునకు తరలినది. ఈ సంగతి చెప్పక టర్నర్ వెనిస్ చిత్రములను గూర్చి ముచ్చటించుట తగదని నా అభిప్రాయము. ఏలయన, వాటిని ఉత్త రంగుల వేడుకగా చూచువారు అనేకులు.

లండనులో 1775లో ఒక క్షురకుని ఇంట పుట్టిన టర్నర్ వెనిస్‌కు పోయినది మూడు పర్యాయములే: 1819, 1833, 1840. అన్నియు కలిపినను అక్కడ ఉన్నది నాలుగు వారములకు లోపే. పుస్తకముల నిండ పెన్సిలు గీతలు గీచుకొని వచ్చి, తైలవర్ణ చిత్రములను లండనులో రచించినాడు.

ఆ నగరమున వెలుగు రెండు దిక్కులనుండి వచ్చును. ఒకటి ఆకాశము, రెండవది నీరు. వీధులకు బదులు కాలువలు; గోడలు నేరుగా నీటిలోనికి దిగును. ఉప్పునీరు ఇటుకలోనికి ఎక్కకుండ అడుగున ఇస్ట్రియా తెల్లరాయి పేర్చినారు. నీటిపై పడిన యెండ పైకి లేచి వంతెనల అడుగుభాగమున వణకుచుండును. అక్కడ నీడ సైతము నల్లన కాదు. ఎండవేళ పడవ ప్రక్కన నీటిని చూచిన మన డెల్టావాసులకు ఇది క్రొత్త విషయము కాదు.

పదునెనిమిదవ శతాబ్దమున కెనలెట్టో ఈ నగరమునే కిటికీ కిటికీ లెక్కించినట్లు చిత్రించినాడు. టర్నర్ ఆయనను గౌరవించినాడు. 1833లో ప్రదర్శించిన తన వెనిస్ చిత్రమున ఒక మూల కెనలెట్టో బొమ్మ వేయుచున్నట్లు చూపినాడు కూడ. కాని మార్గము వేరు. తెల్లని పూత వేసిన గుడ్డపై పలుచని రంగులను పొరలుగా పరచుటచే, అడుగున ఉన్న తెలుపే వెలుగై తిరిగి వచ్చును. నీటిరంగుల చిత్రకారునిగా అలవడిన విద్య ఇది.

1842లో ప్రదర్శించిన చిత్రమున ఆయన బసచేసిన యూరోపా హోటలు మెట్లనుండి కనబడు దృశ్యమున్నది. ఎదుట సుంకశాల, దూరమున సాన్ జార్జియో దేవళము. ఒకప్పుడు తూర్పుదేశముల సరకులపై పన్ను వసూలు చేసిన నగరపు సుంకశాల, ఈ చిత్రమున బరువులేని వస్తువువలె నీటిపై తేలుచున్నది. కట్టడమునకు, దాని ప్రతిబింబమునకు నడుమ గీత సన్నగిల్లినది. అధికారము పోయిన నగరమునకు మిగిలిన రూపమిదియే అని నాకు తోచును.

రాబర్ట్ వెర్నన్ ఈ చిత్రమును కొని 1847లో జాతికి సమర్పించినాడు. టర్నర్ ఎఱ్ఱరంగులలో కొన్ని వెలుతురునకు నిలువనివి. ఆయన చిత్రములు పెక్కింట అవి పాలిపోయినవి. నేడు మనము చూచునది ఆయన వేసినంత వెచ్చని వెనిస్ కాదు.

1846లో కయ్యమీదుగా రైలువంతెన వచ్చినది. టర్నర్ మరల పోలేదు, 1851లో మరణించినాడు. 1866లో వెనిస్ ఇటలీ రాజ్యమున కలిసినది. ఆ సుంకశాలలో 2009 నుండి ఆధునిక చిత్రశాల నడచుచున్నది.