సమాజం నుంచి పరిషత్తుకు: తిరువూరు సీమలో ఔత్సాహిక నాటకం

విజయవాడ నుంచి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉన్న తిరువూరు ఒకప్పుడు కృష్ణా జిల్లాలో తాలూకా కేంద్రం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగం. ఈ సీమకు, దీన్ని ఆనుకొన్న కోస్తా జిల్లాలకు ఉమ్మడి వారసత్వాలలో ఒకటి ఔత్సాహిక నాటక సమాజం, అనగా బతుకుతెరువు వేరే ఉన్నవారు చందాలు వేసుకొని, సాయంకాలాలు కూడి, నెలల తరబడి రిహార్సళ్లు చేసి, తమ ఊరివారి ఎదుట నాటకమాడే సంఘం. ఇటువంటి సమాజాలు సన్నగిల్లడానికి సినిమాను, టెలివిజన్‌ను కారణంగా చెప్పడం పరిపాటి అయింది గాని, వాటి చరిత్రను వరుసగా పరిశీలిస్తే ప్రేక్షకులు దూరం కావడానికి ముందే సభ్యత్వమనే బంధం సడలిందని తేలుతుంది.

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన ఔత్సాహికుల చేతిలోనే మొదలైంది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చి వెళ్లిన తరువాత, కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత వ్యవహారధర్మబోధినిని ఆడించారు. బళ్లారిలో సరస వినోదినీ సభను నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయన సమకాలికుడైన నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు, తరువాతి తరంలో మహానటుడైన బళ్లారి రాఘవ ముగ్గురూ న్యాయవాదులే. తెనాలి రామవిలాస సభ స్థానం నరసింహారావు వంటి నటుణ్ణి తీర్చిదిద్దింది. ఈ సభలలో సభ్యుడంటే చందా కట్టినవాడు మాత్రమే కాదు. వేషం దొరకని సభ్యుడు తెర వెనుక నుంచి సంభాషణలు అందించేవాడు, హార్మోనియం వాయించేవాడు, తెరలు మోసేవాడు, టిక్కెట్లు అమ్మేవాడు. ఒక్కొక్క సభ్యుని వెంట అతని కుటుంబమూ వీధీ ప్రదర్శనకు తరలి వచ్చేవి కనుక ప్రేక్షకులను వేరుగా వెతకవలసిన అవసరం ఉండేది కాదు.

తిరువూరుకు సమీపంలోనే మరొక పద్ధతి రూపుదిద్దుకొన్నది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మైలవరం జమీందారులైన సూరానేనివారి పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి గాయక నటులకు వేదికై, పద్యనాటకానికి, అంటే పద్యాలను రాగయుక్తంగా ఆలపిస్తూ కథ నడిపే నాటకానికి, ఈ ప్రాంతంలో ఎత్తైన ప్రమాణాన్ని నెలకొల్పింది. ఆ ప్రమాణం కళకు మేలు చేసినా, సంఘజీవనానికి ఒక చిక్కు తెచ్చింది. మేటి కంఠాలకు అలవాటుపడిన శ్రోత తన ఊరి గుమాస్తా పాడే పద్యంతో తృప్తిపడడం కష్టమైంది. ఈ అభిరుచిని ఆధారం చేసుకొనే కాంట్రాక్టు నాటకం విస్తరించింది. కాంట్రాక్టు నాటకమంటే ఒక గుత్తేదారు పేరున్న నటులను విడివిడిగా కుదుర్చుకొని ఒక రాత్రికి ఒకచోట చేర్చే ప్రదర్శన. అందులో ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు అంకానికొకరుగా కనిపించేవారు. అందరికీ కంఠస్థమైన తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలకు కలిసి చేసే రిహార్సలు అవసరం లేకపోయింది. రిహార్సలు లేనిచోట సమాజమూ అవసరం లేకపోయింది. 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చి, క్రమంగా రంగస్థల ప్రముఖులను చిత్రసీమ ఆకర్షించేనాటికే ఊరి సభ్యుడు చాలాచోట్ల టిక్కెట్టు కొనే శ్రోతగా మారిపోయాడు.

ఈ మార్పుకు ఎదురు నిలిచిన ఘట్టం 1940లలో వచ్చింది. 1943లో రూపొందిన ప్రజానాట్యమండలి రైతులను, కూలీలను, విద్యార్థులను దళాలుగా కూర్చి, బుర్రకథ వంటి జానపద రూపాలతో పాటు నాటకాన్నీ పల్లెలకు చేర్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రచించిన మా భూమి నిజాం రాజ్యంలోని రైతుల పోరాటాన్ని చిత్రించింది. అప్పటికి తిరువూరు మద్రాసు రాష్ట్రపు అంచున, నిజాం రాజ్యానికి సరిహద్దుగా ఉన్నందున ఈ సీమవారికి ఆ కథ పొరుగువారి కథే. గాత్రంలో పేరెన్నిక లేని మనిషి కూడా అనుభవబలంతో నటుడు కావచ్చునని ఆ దళాలు నిరూపించాయి. మద్రాసు ప్రభుత్వం మా భూమిని నిషేధించి, దళ సభ్యులపై నిర్బంధం పెంచడంతో ఆ అల్లిక చెదిరిపోయింది.

స్వాతంత్ర్యానంతరం ఉద్యోగులు, ఉపాధ్యాయులు కొత్త ఔత్సాహికులుగా ముందుకు వచ్చారు. చిరుద్యోగి బతుకును ఇతివృత్తంగా తీసుకొన్న ఆత్రేయ ఎన్‌జీవో వంటి సాంఘిక నాటకం వారికి తమ జీవితాన్నే తాము ఆడుకొనే అవకాశమిచ్చింది. వారి వేదిక పరిషత్తు, అంటే నాటక పోటీలు నిర్వహించే సంస్థ. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు తరువాతి కాలంలో పోటీలకు ప్రసిద్ధి పొందగా, దాని ఒరవడిలో ఊరూరా పరిషత్తులు వెలిశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1998లో నంది నాటకోత్సవాలను ప్రారంభించింది. పోటీల వల్ల కొత్త రచనలు వచ్చాయి, దర్శకత్వపు పట్టు పెరిగింది. అయితే నిర్ణీత సమయంలో ముగించవలసిన నాటిక, అంటే కొద్ది పాత్రలతో సాగే చిన్న నాటకం, ప్రధాన రూపమైంది. అప్పటివరకు పాతికమందికి చోటిచ్చిన సమాజం ఆరేడుగురు నటుల బృందంగా కుదించుకుపోయింది. నాటిక న్యాయనిర్ణేతల కోసం తయారై, పరిషత్తు నుంచి పరిషత్తుకు ప్రయాణించి, సొంత ఊరిలో ఒక్కసారి కూడా ఆడకుండానే ముగియగల స్థితి ఏర్పడింది. ప్రేక్షకాగారంలో పోటీకి వచ్చిన ఇతర బృందాలవారే ముఖ్య ప్రేక్షకులు కావడం ఈ పద్ధతికి సహజ ఫలితం.

స్త్రీల విషయంలో జరిగిన లోపం ఇంతకంటె లోతైనది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని బళ్లారి రాఘవ గట్టిగా వాదించి ఆచరించినా, పట్టణ సమాజాలు చాలావరకు నటీమణిని పారితోషికమిచ్చి పొరుగూరి నుంచి పిలిపించుకొన్నాయే గాని, తమ ఊరి స్త్రీలకు సభ్యత్వం కల్పించలేదు. ఊరిలో సగం మందిని ఆదినుంచీ వెలుపలే ఉంచిన సంఘానికి, పురుషుల తీరిక తగ్గిననాడు ఆదుకొనే రెండవ బలం లేకపోయింది. ఆ తీరిక నిజంగానే తగ్గింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు రావడంతో ఒకే కార్యాలయంలో కలిసి పనిచేసిన ఉద్యోగులు పలుచోట్లకు చెదిరారు. రవాణా సౌకర్యాలు పెరిగాక పనిచేసే ఊరొకటి, కాపురముండే ఊరొకటి కావడంతో రిహార్సలుకు ఆధారమైన సాయంకాలం ప్రయాణానికి ఖర్చయింది. 1995లో ప్రారంభమైన ప్రైవేటు తెలుగు ఛానళ్లు మిగిలిన సమయాన్ని తీసుకొన్నాయి.

ఈ అనుభవం తెలుగు దేశానికే పరిమితం కాదు. అమెరికాలో బౌలింగ్ ఆడేవారి సంఖ్య పెరుగుతుండగానే, జట్లుగా కూడి ఆడే సంఘాలు క్షీణించాయని రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ పట్నం 2000లో వెలువరించిన గ్రంథంలో చూపారు. అభిరుచి మిగిలి, సంఘం నశించడం సాధ్యమేనని దాని సారాంశం. తెలుగు నాటకంలోనూ పద్యంపై మమకారం చావలేదు. సెల్‌ఫోనులో పాండవ నాటక పద్యాలు వినేవారు నేటికీ ఉన్నారు. దీనికి భిన్నంగా, 1885లో మొదలైన సురభి నాటక సమాజం నేటివరకు నిలవడానికి గల ప్రధాన కారణం, స్త్రీలూ పిల్లలూ సహా కుటుంబమంతా అందులో సభ్యులు కావడం.

కనుక నాటక పునరుద్ధరణను బహుమతుల సంఖ్యతో కొలవడం చాలదు. పోటీకి వచ్చే ప్రతి నాటిక ముందుగా తన ఊరిలో ప్రదర్శితమై ఉండాలనే నియమం, బృందాలలో స్థానిక స్త్రీలకు, కళాశాల విద్యార్థులకు సభ్యత్వం, రిహార్సలుకు పాఠశాల లేదా గ్రంథాలయ భవనంలో సాయంకాలపు చోటు పెద్ద వ్యయం లేకుండానే సాధ్యమయ్యే పనులు. తిరువూరు వంటి పట్టణంలో ఇరవైమంది ఆరునెలల పాటు వారానికి మూడు సాయంకాలాలు కూడగలిగితే, వారి నాటకానికి ప్రేక్షకులు వారి ఇళ్లనుంచే వస్తారు. నూరేళ్ల క్రితం సమాజాలు నిలబడినది ఆ ఆధారం మీదనే.