నమోదుకు నోచని వృత్తి: అమీర్‌పేట, పంజాగుట్టల్లో పసిపిల్లల సంరక్షణ

పగటిపూట ఇతరుల పసిపిల్లలను చూసుకునేవారు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకుని, తనిఖీకి లోబడి ఆ పని చేయడం కొన్ని దేశాల్లో చిరకాలంగా అమల్లో ఉంది. భారతదేశంలో శిశు సంరక్షణ అనేక చట్టాల్లో ప్రస్తావనకు వచ్చినప్పటికీ, దానిని వృత్తిగా చేపట్టిన మనిషిని నమోదు చేసే ప్రత్యేక కేంద్ర చట్టం రూపుదిద్దుకోలేదు. హైదరాబాదు నడిబొడ్డునున్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లో డే కేర్ కేంద్రం తెరవదలచినవారికి ఎదురయ్యే చిక్కులకు మూలం ఈ లోటులోనే ఉన్నందున, అది ఎలా ఏర్పడిందో పరిశీలించడం అవసరం.

వ్యవసాయం ప్రధానంగా ఉన్న కాలంలో ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో బిడ్డను చూసుకునేది. ఆ ఆసరా లేని కూలి తల్లి పొలం గట్టున చెట్టుకు చీరతో ఊయల కట్టి, కలుపు తీస్తూనే బిడ్డను కనిపెట్టుకునేది. ఇంటికీ పనిచోటుకూ మధ్య దూరం పెరిగిన పారిశ్రామిక నగరాల్లో ఈ ఏర్పాటు సాధ్యం కాలేదు. 1844లో పారిస్‌లో ఫిర్మిన్ మార్బో పనికి వెళ్లే తల్లుల శిశువుల కోసం క్రెష్‌ను, అంటే పగటి వేళ మాత్రమే పసివారిని ఉంచుకునే గృహాన్ని, నెలకొల్పింది ఈ కారణంగానే. ఇంగ్లండులో 1948లో వచ్చిన చట్టం శిశు గృహాలతో పాటు తమ ఇళ్లలో డబ్బు తీసుకుని ఇతరుల పిల్లలను చూసుకునేవారిని కూడా స్థానిక ఆరోగ్యాధికారుల వద్ద నమోదు చేయించింది.

అదే 1948లో భారతదేశంలో వెలువడిన ఫ్యాక్టరీల చట్టం భిన్నమైన దారి పట్టింది. యాభై మందికి మించి మహిళా కార్మికులున్న ఫ్యాక్టరీలో ఆరేళ్ల లోపు పిల్లలకు గాలి, వెలుతురు, శుభ్రత గల గదులు కల్పించాలని, పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన స్త్రీలకు వాటి బాధ్యత అప్పగించాలని ఆ చట్టంలోని 48వ సెక్షను ఆదేశించింది. 1976 సవరణతో ఆ పరిమితి ముప్పైకి తగ్గింది. గనులకు, తోటలకు, బీడీ పరిశ్రమకు, చివరకు 1996లో భవన నిర్మాణ రంగానికి చేసిన చట్టాలు కూడా ఈ బాటలోనే నడిచాయి. వీటన్నిటిలోనూ బాధ్యుడు యజమానే తప్ప సంరక్షకురాలు కాదు. పైగా వీటిలో చాలావాటిలో బాధ్యత మహిళా కార్మికుల సంఖ్య మీద ఆధారపడినందున, ఆ సంఖ్యను పరిమితి దాటనివ్వని యజమానికి క్రెష్ నడిపే భారమే ఉండేది కాదు. ఇళ్లలో పనిచేసే మహిళల పిల్లలు ఏ లెక్కలోకీ రాలేదు.

యజమానిని బాధ్యుణ్ణి చేసిన ఈ చట్టాలది మొదటి మార్గం కాగా, రెండవది సంక్షేమ మార్గం. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి స్వచ్ఛంద సంస్థలకు నిధులిచ్చి బాలవాడీలను ప్రోత్సహించింది. పనికి వెళ్లే తల్లుల, అనారోగ్యంతో ఉన్న తల్లుల పిల్లలకు క్రెష్‌లు నడిపేందుకు సహాయ పథకం 1974–75లో మొదలుకాగా, 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీలను తెచ్చింది. పోషకాహారానికీ టీకాలకూ ఇవి ఎంతో మేలు చేసినా, సాయంత్రం వరకు ఉద్యోగంలో ఉండే తల్లికి అవసరమైన పూర్తికాల సంరక్షణ వీటి ప్రధాన లక్ష్యం కాదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు జీతానికి బదులు గౌరవ వేతనం ఇచ్చే పద్ధతి కూడా ఈ పనిని వృత్తిగా కాక సేవగా చూసిన దృష్టికి నిదర్శనం. వారూ సహాయకులూ గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు తీర్పు చెప్పడానికి 2022 వరకు ఎదురుచూడవలసి వచ్చింది.

మూడవ మార్గంలో నమోదు ఉంది గాని, అది వేరే పిల్లలకు సంబంధించినది. 1956, 1960 చట్టాలు అనాథాశ్రమాల వంటి నివాస సంస్థలకు లైసెన్సును, పర్యవేక్షణను విధించగా, 2015 నాటి బాల న్యాయ చట్టం వాటి నమోదును తప్పనిసరి చేసి, ఉల్లంఘనకు జైలుశిక్షను కూడా నిర్దేశించింది. అమీర్‌పేటకు చేరువలో మధురానగర్ – యూసుఫ్‌గూడ ప్రాంతంలోని ప్రభుత్వ శిశు విహార్, తల్లిదండ్రుల ఆదరణకు దూరమైన పసివారిని పెంచే ఇటువంటి నివాస సంస్థ. ఆ చట్టం పేర్కొన్న బాలల సంరక్షణ సంస్థల్లో, ఉదయం వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్లే పిల్లల డే కేర్ కేంద్రాలు చేరవు.

ఈ మూడు మార్గాలకూ అందని అవసరం అమీర్‌పేట పరిసరాల్లో 1990ల నుంచి వేగంగా పెరిగింది. అక్కడి మైత్రీవనం భవనం చుట్టూ కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు వెలిశాయి. 1998లో ఐటీ కార్యాలయాల భవనమైన సైబర్ టవర్స్ ప్రారంభమై ఉద్యోగాలు మాదాపూర్ వైపు విస్తరించాయి. పంజాగుట్టలో నిమ్స్ వంటి ఆసుపత్రుల్లో షిఫ్టుల మీద పనిచేసే నర్సులు, దుకాణాల్లో రాత్రి వరకు నిలబడే అమ్మకందారులు ఉండనే ఉన్నారు. జిల్లాల నుంచి వచ్చి అపార్టుమెంట్లలో స్థిరపడిన దంపతులకు ఊళ్లోని పెద్దవారి ఆసరా దూరమైంది. 2017 నవంబరులో మెట్రో వచ్చి, 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రైలు నడవడంతో ప్రయాణం సులువైంది గాని, బిడ్డను ఎవరి దగ్గర వదలాలన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఫ్లాట్లలో, ఇళ్ల కింది భాగాల్లో నడిచే డే కేర్‌లు, వాటిలో పనిచేసే ఆయాలు ఈ ప్రశ్నకు నగరం తనంతట తాను వెతుక్కున్న సమాధానం.

ప్రభుత్వం ఈ మార్పును ఆలస్యంగానైనా గమనించింది. 2013 నాటి జాతీయ పూర్వ బాల్య సంరక్షణ, విద్యా విధానం మూడేళ్ల లోపు పదిమంది పిల్లలకు ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల వయసులో ఇరవై మందికి ఒకరు చొప్పున సంరక్షకులు ఉండాలని ప్రమాణం నిర్ణయించి, ఈ రంగానికి నియంత్రణ వ్యవస్థ అవసరమని అంగీకరించింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం, స్త్రీ పురుష భేదం లేకుండా యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థకు క్రెష్ బాధ్యతను విధించి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చని చెప్పింది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్లకు మార్గదర్శకాలు రూపొందించింది గాని, అవి మూడేళ్లు నిండిన పిల్లలకు ఉద్దేశించినవి.

అందువల్ల నేడు అమీర్‌పేటలో డే కేర్ తెరిచేవారు వేర్వేరు ముక్కలను కూర్చుకుని తమ నమోదును తామే నిర్మించుకోవలసి వస్తున్నది. కార్మిక శాఖ వద్ద 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు, నగరపాలక సంస్థ నుంచి ట్రేడ్ లైసెన్సు, భవనాన్ని బట్టి అగ్నిమాపక అనుమతి, ప్లే స్కూలు కూడా నడిపితే దానికి గుర్తింపు అవసరమవుతాయి. వీటిలో మొదటి మూడూ స్థలాన్ని, వ్యాపారాన్ని పరీక్షించేవే. గొంతులో పల్లీ గింజ అడ్డుపడిన బిడ్డకు వెంటనే ఏమి చేయాలో ఆయాకు తెలుసా, ఆమె ఎంతమంది శిశువులను ఒంటరిగా చూస్తున్నది అనేవి వాటి పరిధిలోకి రావు.

1948లో ఇంగ్లండు సంరక్షకురాలి పేరు రాసుకోగా, భారతదేశం యజమాని బాధ్యతను రాసుకుంది. యజమాని బాధ్యత కొనసాగవలసిందే. అయితే దానికి తోడు శిక్షణను, పిల్లల సంఖ్యను, తనిఖీని కలిపి చూసే ఒకే నమోదు మహిళా, శిశు సంక్షేమ శాఖ పరిధిలో ఏర్పడితే, తల్లికి భరోసాతో పాటు ఆయాకు వృత్తి గుర్తింపు, న్యాయమైన వేతనం అడిగే ఆధారం లభిస్తాయి. ఫీజుల భారం పెరిగి చిన్న కేంద్రాలు చాటుకు పోకుండా ఉండాలంటే, ఆ నమోదు రుసుము స్వల్పంగా ఉండాలి, శిక్షణ ప్రభుత్వ ఖర్చుతో అందాలి. పనికి వెళ్లే ప్రతి తల్లి వెనుక పని చేస్తున్న మరో స్త్రీ ఉన్నదని చట్టం ఒప్పుకోవడమే ఈ సుదీర్ఘ చరిత్రలో ఇంకా మిగిలిన కర్తవ్యం.